రాత్రిపూట పెట్రోలు వాసన, కొత్త ట్యాంకుల నోటీసు: ఎవరిని ఏమని అడగాలి?

ప్రశ్న: మాది విశాఖపట్నం, మల్కాపురం ప్రాంతం. మా వీధి చివర ఒక ఇంధన నిల్వ టెర్మినల్ ప్రహరీ ఉంది. రాత్రి పది దాటాక, మళ్లీ తెల్లవారుజామున పెట్రోలు వాసన ముక్కు పగిలేలా వస్తుంది. వాన పడితే ప్రహరీ పక్క కాలువలో నీటి మీద రంగురంగుల నూనె తెట్టు కనిపిస్తుంది. ఇప్పుడు అక్కడే మరికొన్ని ట్యాంకులు కడతారని, ప్రజాభిప్రాయ సేకరణ ఉంటుందని పేపర్లో ప్రకటన వచ్చింది. మా మరిది ఆ టెర్మినల్‌లోనే కాంట్రాక్టు మీద లారీల లోడింగ్ పని చేస్తాడు. "అదంతా మామూలే వదినా" అంటాడు. 1997 నాటి అగ్నిప్రమాదాన్ని కళ్లారా చూసిన మా అత్తగారు ఇల్లు అమ్మేసి పెందుర్తి వైపు వెళ్లిపోదామంటున్నారు. కొండ కింద గ్యాస్ గుహలు కూడా ఉన్నాయని ఆవిడకు మరో భయం. ఒక ప్రభుత్వ కార్యాలయానికి అర్జీ పట్టుకుని వెళితే, భద్రత సంగతి తమ పరిధిలోకి రాదన్నారు. మేం ఏం చేయాలి? ఫిర్యాదు చేస్తే మా మరిది ఉద్యోగానికి ఇబ్బంది వస్తుందా?
ఒక గృహిణి, మల్కాపురం

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. మీరు రోజూ పీలుస్తున్న వాసన ఒకటి, మీ అత్తగారిని ఇన్నేళ్ల తర్వాత కూడా నిద్రపోనివ్వని భయం మరొకటి. మొదటిది కొద్దికొద్దిగా ఒంటికి హాని చేసే కాలుష్యం. రెండోది బహుశా ఎన్నడూ జరగకపోవచ్చు గాని, జరిగితే నిమిషాల్లో ముగిసిపోయే ప్రమాదం. వీటికి చట్టాలు వేరు, అధికారులు వేరు, అడగవలసిన కాగితాలు వేరు. రెండూ కలిపి ఒకే అర్జీలో రాసినప్పుడు ప్రతి కార్యాలయమూ తనకు సంబంధించని సగాన్ని చూపించి చేతులు దులుపుకోగలదు. మీకు జరిగింది అదే. అందువల్ల ఇకపై రెండు అర్జీలు రాయండి. దేనిలో ఏమి రాయాలో కింద వివరిస్తాను.

ముందు వాసన సంగతి. పెట్రోలు వంటి తేలిగ్గా ఆవిరయ్యే ఇంధనాన్ని ఇప్పుడు తేలే కప్పు ఉన్న ట్యాంకుల్లో నిల్వ చేస్తారు. పైన బిగించిన కప్పు మాత్రమే ఉంటే, సగం నీళ్లున్న గిన్నె మీద మూత పెట్టినప్పుడు మధ్యలో ఆవిరి చేరినట్లు, ద్రవానికీ కప్పుకీ మధ్య ఇంధన ఆవిరి నిండుతుంది. పగటి ఎండకు అది వ్యాకోచించి గొట్టం గుండా బయటికి వస్తుంది, ట్యాంకు నింపిన ప్రతిసారీ మొత్తంగా తోసుకువస్తుంది. తేలే కప్పు ద్రవం మీదనే కూర్చుని దానితోపాటు పైకీ కిందికీ కదులుతుంది కనుక ఆవిరి చేరడానికి చోటే ఉండదు. అయితే కప్పు అంచుకూ ట్యాంకు గోడకూ మధ్యనున్న సందును మూసే సీలు అరిగిపోయినా, చిరిగినా ఈ ప్రయోజనం చాలావరకు పోతుంది. కాబట్టి అడగవలసిన ప్రశ్న ట్యాంకుకు తేలే కప్పు ఉందా అన్నది మాత్రమే కాదు. రెండు వరుసల సీళ్లు ఉన్నాయా, వాటిని చివరిసారి ఎప్పుడు తనిఖీ చేశారు, ఆ తనిఖీ నివేదిక ఎక్కడుంది అని అడగాలి.

అయినా మీరు చెప్పిన వేళలను బట్టి చూస్తే నా అనుమానం ట్యాంకుల కన్నా గ్యాంట్రీ మీదికి, అంటే లారీలకు ఇంధనం నింపే చోటి మీదికి పోతోంది. ఖాళీగా వచ్చిన ట్యాంకరు లారీ నిజానికి ఖాళీది కాదు, దాని నిండా పాత ఇంధనపు ఆవిరి ఉంటుంది. కొత్త ఇంధనం లోపలికి దిగినకొద్దీ ఆ ఆవిరి బయటికి రావాలి. దాన్ని గొట్టంతో వెనక్కి లాగి ద్రవంగా మార్చే ఏర్పాటు ఉంటే సరే, లేకపోతే అది నేరుగా గాలిలో కలుస్తుంది. నూనె కలిసిన నీటిని వేరుచేసే తొట్టి మూత లేకుండా ఉన్నా ఇదే వాసన వస్తుంది. రోజంతా ఈ పనులు జరుగుతున్నా మీకు రాత్రీ తెల్లవారుజామునే ఎక్కువగా తెలియడానికి కారణం మన ఊరి గాలి. ఒకవైపు యారాడ కొండ, మరోవైపు సింహాచలం, కైలాసగిరి కొండల వరుస, మధ్యలో పల్లంలో ఓడరేవూ పరిశ్రమలూ ఉన్నాయి. పగలు సముద్రపు గాలి ఆవిరిని చెదరగొడుతుంది. రాత్రి నేల చల్లబడి గాలి స్తంభించినప్పుడు, గాలి కంటే బరువైన పెట్రోలు ఆవిరి నేలను అంటిపెట్టుకుని మీ వీధిలోకి పారుతుంది. ఈ నిశ్చలమైన రాత్రి గాలిని గుర్తుపెట్టుకోండి. వాసనకూ ప్రమాదానికీ ఉమ్మడిగా ఉన్న అంశం ఇదొక్కటే.

ఆ ఆవిరిలో బెంజీన్ ఉంటుంది. మన దేశంలో పెట్రోలులో బెంజీన్ ఒక శాతానికి మించకూడదన్న నిబంధన ఉంది. 2009 నాటి జాతీయ గాలి నాణ్యత ప్రమాణాల ప్రకారం, బయటి గాలిలో బెంజీన్ వార్షిక సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటకూడదు. బెంజీన్ క్యాన్సర్ కారకమని నిర్ధారణ అయిన పదార్థం. మీ మరిది "మామూలే" అనడంలో ఒక చిక్కు ఉంది. బెంజీన్ దానంతట అది ముక్కుకు తెలిసే స్థాయి ఈ పరిమితికి వందల రెట్లు పైన ఉంటుంది. కనుక వాసన లేని రోజు గాలి శుభ్రంగా ఉన్నట్లు కాదు, అలాగే వాసన వచ్చిన ప్రతి రాత్రీ విషం పీల్చినట్లూ కాదు. కొలిస్తేనే తేలుతుంది. కొలిచేది కూడా పగటిపూట ఏదో ఒక మేడ మీద కాకుండా, రాత్రి మీ ప్రహరీ దగ్గర కొలవాలి.

ఈ విషయంలో మీరు వెళ్లవలసింది ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి విశాఖ కార్యాలయానికి. 1974 నాటి నీటి చట్టం, 1981 నాటి గాలి చట్టం కింద టెర్మినల్‌కు మండలి ఇచ్చే నిర్వహణ సమ్మతి పత్రాన్ని వ్యవహారంలో సీఎఫ్‌ఓ అంటారు. అందులో ఏయే షరతులు ఉన్నాయో తెలియకుండా ఫిర్యాదు చేస్తే "వాసన వస్తోంది" అన్న ఒక్క వాక్యం మిగులుతుంది. ఆ ప్రతి చేతిలో పెట్టుకుని "ఫలానా షరతు ప్రకారం ఆవిరి పట్టే యంత్రం ఉండాలి, అది నడుస్తోందా?" అని అడిగితే సమాధానం రాయక తప్పదు. ప్రతిని సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో కోరవచ్చు. 30 రోజుల్లో ఇవ్వాలి. ఎందుకు అడుగుతున్నారో చెప్పమనే అధికారం వారికి లేదు. ఫిర్యాదుతోపాటు ఒక చిన్న పట్టిక జతచేయండి. ఏ తేదీన, ఎన్ని గంటలకు, గాలి ఎటు నుంచి ఉండగా వాసన వచ్చిందో, అప్పుడు లారీలు లోపల ఉన్నాయో లేదో రాయండి. టెర్మినల్ లోపల ఎత్తైన స్తంభం మీద గాలి దిశ చూపే నారింజ రంగు గుడ్డ గొట్టం ఉంటుంది, మీ డాబా మీద నుంచి కనిపించవచ్చు. మీ ఇంట్లోనే కాక, వీధిలో ఇంకో రెండు ఇళ్లలోనూ విడివిడిగా ఇలా రాస్తే దానికి బలం వస్తుంది.

కాలువలో తెట్టు గురించి. ప్రతి ట్యాంకుల గుంపు చుట్టూ డైక్ అనే గోడ కడతారు. అందులోని అతిపెద్ద ట్యాంకు మొత్తం పగిలి కారినా పట్టేలా, దాని సామర్థ్యంలో 110 శాతం నిలిచేంత చోటు ఉండాలన్నది నియమం. వాన పడితే ఈ గోడల మధ్య నీరు చేరుతుంది. ఆ నీటిని బయటికి వదిలే వాల్వు గోడకు అవతల ఉంటుంది, మామూలు వేళల్లో మూసే ఉండాలి. నీటిని ముందు నూనె వేరుచేసే తొట్టిలోకి పంపి, పరీక్షించి, ఆ తర్వాతే కాలువలోకి వదలాలి. పెద్ద వాన పడుతున్నప్పుడు తొందరపడి వాల్వు తెరవడం, లేదా ఒకసారి తెరిచి మూయడం మరచిపోవడం జరగకూడని విషయమే గాని జరగని విషయం కాదు. బయటికి వదిలే నీటిలో నూనె, గ్రీజు కలిపి లోతట్టు నీటివనరుల్లోకి అయితే లీటరుకు 10 మిల్లీగ్రాములు, సముద్ర తీర జలాల్లోకి అయితే 20 మిల్లీగ్రాములు దాటకూడదు. మీరు సీసాలో పట్టుకెళ్లిన నీరు ఆధారంగా నిలబడదు. మండలి అధికారి నోటీసు ఇచ్చి, నమూనాను రెండు భాగాలు చేసి, సీలు వేసి తీసినదే చట్టం ముందు చెల్లుతుంది. మీరు చేయగలిగింది వాన పడుతుండగానే ఫొటో తీసి అదే గంటలో ఫిర్యాదు చేయడం. మర్నాటికి కాలువ తేటపడిపోతుంది.

బోరు నీళ్లు తాగుతున్నట్లయితే ఒక మాట. మామూలు తాగునీటి పరీక్షలో ఉప్పు, గట్టిదనం, ఫ్లోరైడ్, సూక్ష్మజీవులు చూస్తారు గాని బెంజీన్ చూడరు. బెంజీన్, టోలుయీన్, ఇథైల్ బెంజీన్, జైలీన్ అనే నాలుగూ విడిగా పరీక్షించమని ప్రయోగశాలను అడగాలి. తాగునీటిలో బెంజీన్ లీటరుకు 10 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఆ ఫలితం వచ్చేదాకా బోరు నీటిని తాగడానికీ వంటకూ వాడకండి.

ఇక మీ అత్తగారి భయం. 1997 సెప్టెంబరు 14 ఉదయం, ఇక్కడి రిఫైనరీలో ఓడ నుంచి ఎల్‌పీజీని గోళాకారపు ట్యాంకుల్లోకి దించుతుండగా లీకై అంటుకున్న మంటల్లో సుమారు 60 మంది చనిపోయారు. ఆవిడ చూసింది చిన్న విషయం కాదు, ఆవిడ భయాన్ని ముసలితనపు చాదస్తంగా తీసిపారేయకండి. విచిత్రంగా, ఇలాంటి నిల్వ కేంద్రాలకు ముందస్తు పర్యావరణ అనుమతి తప్పనిసరి చేసిన కేంద్ర నోటిఫికేషన్ తేదీ కూడా సెప్టెంబరు 14, కాకపోతే 2006వ సంవత్సరం. కాకతాళీయమే, కానీ మన ఊరివాళ్లకు ఆ తేదీ గుర్తుండడానికి ఇదొక సాకు.

మీ వీధికి అంతకన్నా దగ్గరి పోలిక 2009 అక్టోబరు 29న జైపూర్ శివారు సీతాపురలోని పెట్రోలియం టెర్మినల్‌లో జరిగిన ప్రమాదం. సాయంత్రం వేళ ఒక ట్యాంకు నుంచి పక్క సంస్థకు పెట్రోలు పంపడానికి వాల్వులు సరిచేస్తున్నప్పుడు, గొట్టంలోని ఒక పాతరకం మూత తెరిచి ఉండగానే ట్యాంకు వాల్వు తెరుచుకుంది. పెట్రోలు ఊటలా పైకి చిమ్మింది. దాన్ని ఆపబోయిన సిబ్బంది ఆవిరికి తట్టుకోలేక పడిపోయారు. కంట్రోల్ రూమ్‌లో కూర్చుని ఆ వాల్వును మూసే ఏర్పాటు పనిచేసే స్థితిలో లేదు. గంటకు పైగా పెట్రోలు కారుతూనే ఉంది, గాలి కదలడం లేదు, ఆవిరి ఆవరణ అంతటా పరుచుకుంది. ఆ తర్వాత ఎక్కడో ఒక నిప్పురవ్వ తగిలింది. 11 మంది చనిపోయారు, వారిలో ప్రహరీ బయటివారూ ఉన్నారు. మంటలు రోజుల తరబడి మండాయి. 2005 డిసెంబరు 11న ఇంగ్లండ్‌లోని బన్స్‌ఫీల్డ్‌లో కూడా నిశ్చలమైన గాలిలోనే, తెల్లవారుజామున, ట్యాంకు నిండి పొర్లి ఇలాంటి ఆవిరి మేఘమే పేలింది. అక్కడ ట్యాంకు నిండిందని చెప్పవలసిన పరికరాలు రెండూ విఫలమయ్యాయి.

ఈ రెండింటిలోనూ ప్రమాదం ట్యాంకు వయసు వల్లో, దాని పరిమాణం వల్లో రాలేదు. ఇంధనం ఒక చోటు నుంచి మరో చోటికి కదులుతున్న వేళ, కారుతున్న సంగతి సకాలంలో తెలియక, తెలిసినా దూరం నుంచి ఆపలేక వచ్చింది. జైపూర్ తర్వాత ఎం.బి. లాల్ అధ్యక్షతన వేసిన కమిటీ ఈ అంశాలనే పట్టుకుంది. దూరం నుంచి మూయగల వాల్వులు, ఆవిరిని పసిగట్టే పరికరాలు, ఆ పాతరకం మూతల తొలగింపు మొదలైనవి సిఫారసు చేసింది. వాటికి తగ్గట్లు చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్ తన ప్రమాణాలను సవరించింది. కనుక రెండో అర్జీలో "ఇది ప్రమాదకరం, మూసేయండి" అని రాయడం కన్నా, ట్యాంకు పొర్లకుండా ఆపే స్వతంత్ర పరికరం ప్రతి ట్యాంకుకూ ఉందా, ట్యాంకు వాల్వును కంట్రోల్ రూమ్ నుంచి మూయగలరా, దాన్ని ఎంత తరచుగా పరీక్షిస్తున్నారు, రాత్రి షిఫ్టులో ఎందరు ఉంటారు అని రాయండి. ఇవి జవాబు చెప్పగలిగిన ప్రశ్నలు. జవాబు దాటవేస్తే ఆ దాటవేత కూడా రికార్డులో ఉంటుంది.

ఈ అర్జీ జిల్లా కలెక్టరుకు ఇవ్వాలి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు తీసుకోండి. ప్రతులను పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థకూ, అంటే మనవాళ్లు పెసో అనే దానికీ, కర్మాగారాల శాఖకూ పంపండి. 2002 నాటి పెట్రోలియం నియమాల కింద నిల్వకు లైసెన్సు ఇచ్చేది పెసో అయినా, దానికి ముందు ఆ స్థలం విషయంలో అభ్యంతరం లేదని చెప్పవలసింది జిల్లా యంత్రాంగమే. తీర ప్రాంత నియంత్రణ, పైపులైన్ల నియంత్రణ మండలి వంటివి ఇంకా ఉన్నాయి గాని, వాటి వెంట ఇప్పుడు పరుగెత్తనవసరం లేదు.

కలెక్టరును అడగడానికి ఇంకా గట్టి కారణం 1989 నాటి ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నియమాల్లో ఉంది. చాలామందికి తెలియని 15వ నియమం ప్రకారం, భారీ ప్రమాద అవకాశం ఉన్న స్థలాన్ని నడిపేవారు ఆ ప్రమాద ప్రభావానికి లోనుకాగల బయటి ప్రజలకు ప్రమాద స్వభావమేమిటో, భద్రతా చర్యలేమిటో, అప్పుడు ఏం చేయాలో, ఏం చేయకూడదో తెలియజేయాలి. మీరు వెళ్లి అడుక్కునే అవసరమే లేకుండా, మీ గుమ్మం దాకా రావలసిన సమాచారం అది. మీ వీధిలో ఎవరికైనా అలాంటి కరపత్రం గాని, తెలుగులో ఒక సమావేశం గాని ఎప్పుడైనా అందిందా? అందకపోతే ఆ ఒక్క వాక్యమే మీ అర్జీలో అన్నిటికంటే బలమైన వాక్యం. అవే నియమాల కింద ప్రహరీ బయటి ప్రాంతానికి అత్యవసర ప్రణాళిక ఉండాలి, ఏడాదికి ఒకసారైనా దాన్ని సాధన చేయాలి. 1996 నాటి రసాయన ప్రమాదాల నియమాల కింద కలెక్టరు అధ్యక్షతన జిల్లా సంక్షోభ బృందం 45 రోజులకోసారి సమావేశం కావాలి, ప్రజలు కోరితే సమాచారం ఇవ్వాలి. ఆ సమావేశాల మినిట్స్ అడగండి. మీ వీధి పేరు ఆ ప్రణాళికలో ఉందో లేదో, సైరన్ మోగితే మిమ్మల్ని ఎటు పంపాలని రాశారో అడగండి. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ సంస్థ కర్మాగారం నుంచి స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి ఊరిమీద పడినప్పుడు జనం ఎటు పరుగెత్తాలో తెలియక రోడ్ల మీదే కూలిపోయారు. అది కూడా ఒక నిల్వ ట్యాంకు నుంచే వచ్చిందని మరచిపోకూడదు. పర్యావరణ అనుమతి సరిగా లేకుండానే ఏళ్ల తరబడి నడిచినట్లు ఆ సంస్థ ప్రమాదానికి ముందు ఏడాదే అఫిడవిట్‌లో ఒప్పుకుంది. కాగితం అడగడం ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ మనకు అక్కర్లేదు.

ఇప్పుడు కొత్త ట్యాంకుల నోటీసు. 2006 నోటిఫికేషన్‌లో ప్రమాదకర రసాయనాల విడి నిల్వకు ఒక ప్రత్యేక పద్దు ఉంది, నిర్ణీత పరిమాణం దాటితే ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. 2006కి ముందే కట్టిన పాత ట్యాంకులకు, విస్తరించనంత వరకు, ఈ అనుమతి లేకపోవడం సాధారణంగా తప్పు కాదు. విస్తరణకు మాత్రం కావాలి, అందుకే నోటీసు వచ్చింది. ప్రకటనకూ సమావేశానికీ మధ్య కనీసం 30 రోజులు ఉండాలి. పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదా కలెక్టరేట్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయంలో చూడడానికి దొరకాలి. సారాంశం తెలుగులోనూ ఉండాలి. సారాంశం చదివి సరిపెట్టుకోకండి, అందులో అంతా శుభమే ఉంటుంది. మీ పిల్లల్లో ఇంజనీరింగ్ చదువుతున్నవారు ఉంటే వాళ్లను వెంటపెట్టుకెళ్లి పూర్తి నివేదికలో ప్రమాద విశ్లేషణ అధ్యాయం తెరవండి.

అక్కడ పటం మీద వలయాలు గీసి ఉంటాయి. ట్యాంకు అంటుకుంటే ఎంత దూరంలో ఎంత వేడి తగులుతుందో చదరపు మీటరుకు కిలోవాట్లలో చూపిస్తారు. 37.5 అంటే పక్కనున్న యంత్రాలూ ట్యాంకులూ దెబ్బతినే వేడి. 12.5 దగ్గర నిప్పు సోకితే కర్ర అంటుకుంటుంది. 4.5 దగ్గర నిలబడితే 20 సెకన్లలో చర్మం భరించలేని మంట పుడుతుంది. ఈ 4.5 వలయం ప్రహరీ లోపలే ఆగిందా, మీ ఇంటి మీదుగా పోయిందా చూడండి. ఆ తర్వాత, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న: లెక్క దేనికి కట్టారు? చాలా నివేదికలు డైక్‌లో కారిన ఇంధనం అంటుకున్నట్లు లెక్కకట్టి ఊరుకుంటాయి, ఆ వలయాలు చిన్నవిగా వస్తాయి. ట్యాంకు పొర్లి, నిశ్చలమైన రాత్రి గాలిలో ఆవిరి మేఘం పరుచుకుని పేలిన సందర్భానికి లెక్క కట్టారా? గాలి వేగం ఎంతని తీసుకున్నారు? మీ వీధిలో రాత్రి గాలి ఎలా ఉంటుందో మీ పట్టికే చెబుతుంది. కన్సల్టెంటు రాజధానిలో కూర్చుని వేసిన గాలి లెక్కకూ, మీరు డాబా మీద నిలబడి రాసుకున్నదానికీ తేడా ఉంటే, దాన్నే సమావేశంలో రాతపూర్వకంగా ఇవ్వండి.

కొత్త ట్యాంకుల్లో ఇథనాల్ ఉందేమో కూడా చూడండి. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుపుతున్నందున టెర్మినళ్లలో దాని నిల్వ పెరుగుతోంది. ఇథనాల్ నీటిలో కలిసిపోతుంది కనుక కాలువలో తెట్టు కట్టదు, కారినా మీ కంటికి కనిపించదు. మామూలు పెట్రోలు మంట మీద వేసే నురగ ఇథనాల్ మంట మీద వేస్తే విరిగిపోతుంది, ఆల్కహాల్‌ను తట్టుకునే ప్రత్యేకమైన నురగ కావాలి. అది ఎంత నిల్వ ఉంటుందో, మంటలార్పే నీరు ప్రమాణం ప్రకారం 4 గంటలకు సరిపడా ఉందో లేదో నివేదికలో ఉండాలి. పెరగబోయే లారీలు ఏ దారిన వస్తాయి, ఎక్కడ ఆగుతాయి అన్నది కూడా అడగండి. మల్కాపురం రోడ్డు మీద వరుసగా ఆగిన ట్యాంకర్ల మధ్యనుంచి అగ్నిమాపక శకటం ఎలా దూరుతుందో నాకూ తెలుసుకోవాలని ఉంది.

ప్రజాభిప్రాయ సేకరణ ఓటింగు కాదు. ఎందరు వ్యతిరేకించినా అక్కడికక్కడ ప్రాజెక్టు ఆగదు, ఇంతమంది రావాలన్న కోరం కూడా లేదు. అయితే అక్కడ లేచిన ప్రతి అంశమూ మినిట్స్‌లో నమోదు కావాలి, వీడియో తీయాలి, సంస్థ తుది నివేదికలో దానికి జవాబు చెప్పాలి. వేదిక ముందు నినాదాలు చేస్తే మినిట్స్‌లో "కొందరు వ్యతిరేకించారు" అన్న ఒక పంక్తి పడుతుంది, అదే నాలుగు ప్రశ్నలు రాసిస్తే నాలుగు జవాబులు బాకీ పడతారు. తర్వాత అనుమతి వస్తే, ఆ ఉత్తర్వు మీద జాతీయ హరిత ట్రిబ్యునల్ చెన్నై బెంచ్‌లో 30 రోజుల్లో అప్పీలు చేయవచ్చు, తగిన కారణం చూపిస్తే మరో 60 రోజుల దాకా అనుమతిస్తారు. గడువు దాటితే మీ దగ్గర ఎంత న్యాయమున్నా వినరు. అప్పీలుకు వెళ్లకపోయినా ఆ ఉత్తర్వులోని షరతులు దాచుకోండి, వాటిని ఎలా పాటిస్తున్నారో ఆరు నెలలకోసారి సంస్థ నివేదిక ఇవ్వాలి.

కొండ కింద గుహల గురించి మీ అత్తగారికి కొంత ధైర్యం చెప్పవచ్చు. యారాడ కొండ వైపు రాతిలో తొలిచిన ఎల్‌పీజీ గుహ 60,000 టన్నులది, 2007లో మొదలైంది. ముడిచమురు వ్యూహాత్మక నిల్వ 13 లక్షల టన్నులకు పైబడినది. వినడానికి భయంకరమైన అంకెలే. కానీ ఎల్‌పీజీ గుహ సముద్ర మట్టానికి వంద మీటర్లకు పైగా లోతున ఉంది. చుట్టూ రాతిలోని భూగర్భ జలం ఒత్తిడి గ్యాస్‌ను లోపలే అదిమి ఉంచుతుంది, మండడానికి కావలసిన గాలి అక్కడ లేదు. అక్కడ చూడవలసింది భూగర్భ జల మట్టం పడిపోకుండా ఉందా అన్నదీ, నేల పైనున్న పంపులూ గొట్టాలూ ఎలా ఉన్నాయన్నదీ. కొండ పగిలి ఊరు లేచిపోతుందన్న మాటను మీరు నమ్మనవసరం లేదు.

మీ మరిది విషయంలో, మీ పేరున గాని వీధి సంక్షేమ సంఘం పేరున గాని అర్జీ ఇవ్వండి, అతని పేరు ఎక్కడా రానివ్వకండి. లోపలి కాగితాలు తెమ్మని అతన్ని అడగవద్దు, కాంట్రాక్టు కార్మికుడికి అది ఉద్యోగానికే ముప్పు. అతనికీ ఒక సొంత విషయం ఉంది. మీకు వీధిలో వచ్చే వాసన అతను గ్యాంట్రీ మీద ఎన్నో రెట్లు దగ్గరగా పీలుస్తున్నాడు. లారీ పైమూత తెరిచి నింపుతున్నారా, కింది నుంచి హోసు బిగించి నింపుతున్నారా, ఏటా రక్తపరీక్ష చేయిస్తున్నారా అని మాత్రం ఇంట్లో భోజనాల దగ్గర అడగండి. "మామూలే" అన్న మాట అప్పుడు ఇంకోలా వినిపించవచ్చు.

ఇల్లు అమ్మే ఆలోచన మాత్రం ఇప్పుడు వద్దు. నోటీసు వచ్చిన వేళ ఆ వీధిలో ధర పడిపోయి ఉంటుంది, మీరు ఏ ప్రమాదం నుంచి తప్పుకుంటున్నారో కూడా తెలియకుండా నష్టానికి అమ్ముతారు. పెందుర్తి వైపు కొనబోయే ఇంటి పక్కన ఏ గిడ్డంగి ఉందో చూడకుండా వెళ్లడమూ తెలివైన పని కాదు. ముందు ఆ 4.5 వలయం ఎక్కడ పడిందో చూడండి, బెంజీన్ కొలత రానివ్వండి. వలయం మీ ఇంటిని దాటి పోయి, కొలతలు కూడా పరిమితికి పైనే ఉంటే నేనైనా వెళ్లిపొమ్మనే అంటాను.

ఈలోగా ఏ రాత్రైనా వాసన మామూలుకన్నా హఠాత్తుగా పెరిగి, తెల్లని పొగమంచులా నేల మీద పాకుతూ కనిపిస్తే, లైటు స్విచ్చి వేయడం గాని ఆపడం గాని చేయవద్దు, బైకు స్టార్టు చేయవద్దు, పొయ్యి వెలిగించవద్దు. గాలి వాటానికి అడ్డంగా, పల్లం వైపు కాకుండా మెరక వైపు నడిచి వెళ్లండి. ఫోను కూడా దూరం వెళ్లాకే తీసి 101కో 112కో చేయండి. అత్తగారిని ఎవరు పట్టుకుని నడిపించాలో ఇప్పుడే అనుకోండి. నోటీసులో తేదీ చూసుకుని, సమావేశానికి కనీసం వారం ముందే మీ ప్రశ్నలు రెండు ప్రతులు రాసి, ఒకటి కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయంలో ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి.